పేరు పచ్చగానే ఉంది

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, పిలిచిన మనిషి పలకకపోవడం. పాప ఆరాధన పుట్టినప్పటి నుంచి ఇది మరీ ముదిరింది. పాప కాస్త ఎక్కువసేపు కదలకుండా పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగిలితే వచ్చి కూర్చుంటాను. కూర్చున్నాక తగిలింది ఊపిరేనా, ఫ్యాను గాలా అని అనుమానం వచ్చి మళ్లీ లేస్తాను.

"నీ వేలికే లేస్తది పిల్ల. ఊకోవే తబితా," అని మా అత్త జోజమ్మ కసురుతుంది.

ఇలాంటి దాన్ని ఫోనులో జాంబీల ఆట ఆడతానంటే ఎవరూ నమ్మరు. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఇవతలి ఒడ్డున సారపాకలో మాది కిరాయి ఇల్లు. మా ఆయన క్రిస్టోఫర్ జామాయిల్ కర్ర లోడు లారీ నడుపుతాడు. బండెక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో చెప్పలేం. పొద్దస్తమానం పాప ముక్కు దగ్గరే కూర్చుంటున్నానని ఆయనే ఈ ఆట ఎక్కించి ఇచ్చాడు. కొందరు జట్టుగా చేరి, చచ్చి లేచిన పీనుగులు మీద పడకుండా బతకాలి. జట్టులో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. అత్త దానికి పీనుగులాట అని పేరు పెట్టింది. "సచ్చినోళ్లను లేపేది ప్రభువొక్కడే. వీళ్లనెవడు లేపిండే?" అంటుంది.

కొత్తగా ఆడేవాళ్లకు తెర మీద సలహాలు వస్తాయి గాని అన్నీ ఇంగ్లీషే. తొమ్మిదిలో బడి మానేసినదాన్ని. కూడబలుక్కుని ఒక వాక్యం పూర్తి చేసేలోపు పీనుగు వచ్చి మెడ పట్టుకునేది. తెలుగులో నాకు అందిన మొదటి సలహా క్రిస్టోఫర్‌ది.

"ఊరు చెప్పకు. ఇల్లు చెప్పకు. దాంట్ల ఎసుంటోళ్లుంటరో తెల్వదు."

భయస్తురాలిని కదా, ఆ మాట కొంగున కట్టుకున్నాను.

మిగతావన్నీ నాగలత చెప్పింది. ఆటలోనే పరిచయం. ముఖం చూడలేదు, గొంతే తెలుసు.

"ఏంది అక్కా, గట్ల ఉరుకుతున్నవ్? బస్సు పోతున్నదా?"

"ఎనకవడ్డయి చెల్లె!"

"నువ్వు ఉరికే చప్పుడుకే వస్తున్నయి. వంగి నడువు. మెల్లగ."

వంగి నడిచాను. నిజంగానే పక్క నుంచే పోయాయి, నన్ను పట్టించుకోలేదు. ఇంకోసారి నాకు తుపాకి దొరికిందని గొప్పగా చెప్పాను.

"అవతల పారేయ్, గొడ్డలి పట్టుకో. తుపాకి కాలిస్తే ఊర్లున్న పీనుగులన్నీ పెండ్లికొచ్చినట్టు నీ ఇంటికే వస్తయి."

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం ఆమె మాటలే చెబుతున్నాను. దాహం అని తెర మీద పడేదాకా ఆగకుండా ముందే నీళ్లు తాగాలి. ఒకటే తలుపున్న ఇంట్లో దాక్కోకూడదు. అది మనకు ఇల్లు కాదు, బోను. గాయాలకు కట్టే గుడ్డలు సంచి అడుగున పెట్టుకుంటే వెతికేలోపే ప్రాణం పోతుంది. తోటివాడు పడిపోతే ఏడుస్తూ వెంటనే లేపబోవద్దు. చుట్టూ చూసి, దగ్గరున్న వాటిని నరికి, అప్పుడు చెయ్యి అందివ్వాలి. లేకపోతే ఇద్దరూ పోతారు. ఇది నాకు చాలా రోజులకు గాని అలవాటు కాలేదు.

ఇంకొక పద్ధతి ఉంది. అది మా అడవి పక్క వాళ్లదే. నాగలత వాళ్ల ఇంట్లో సిగ్నల్ రాదట. ఊరి నీళ్ల ట్యాంకు దగ్గర, రేకుల నీడన ఉన్న మెట్ల మీద కూర్చుంటేనే వస్తుంది. గట్టిగా గాలి వీచినా పోతుంది. అప్పుడు ఆటలో ఆమె బొమ్మ ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. వేరే వైపు వాళ్లయితే తిట్టి వదిలి వెళ్తారు. మేము వెళ్లం. సిగ్నల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లం గనక చుట్టూ నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతి పీనుగునూ నరుకుతూ కాపలా కాస్తాం. సిగ్నల్ రాగానే ఆమె మొదట అడిగేది ఒకటే.

"ఉన్ననా, సచ్చిన్ననా అక్కా?"

"ఉన్నవ్ చెల్లె."

ఆమె కడుపుతో ఉందని ఒకసారి మాటల్లో తెలిసింది.

"కడుపుతోని ట్యాంకు ఎక్కుతున్నవా?"

"కింది మెట్టు మీదనే కూసుంట అక్కా. ఇంట్ల నాగక్క అవ్వ ఒక్కతే. ఆమెకు చెవులు వినరావు. గణేష్ బోరుబండి మీద పనికి పోయిండు. ఈడైతే నువ్వన్న పలుకుతవ్."

గణేష్ ఆమె భర్త. నాగక్క ఆయన నానమ్మ. ఇంత చెప్పింది గాని ఊరి పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే నా ఊరు కూడా చెప్పాల్సి వస్తుందని.

ఆ రోజు మధ్యాహ్నం వాన కురుస్తూనే ఉంది. గోదావరి పెరుగుతోందని టీవీలో చెబుతున్నారు. పాప నిద్రపోతోంది. ఆటలో మేమిద్దరమే మిగిలి, ఒక బడి మేడ మీద ఉన్నాం. మెట్ల మీదుగా పీనుగులు వస్తున్నాయి.

"అక్కా, ఆగు," అంది నాగలత. బొమ్మ నిలబడిపోయింది.

వాన కదా, సిగ్నల్ పోయిందనుకున్నాను. ఎప్పటిలాగే ఆమె ముందు నిలబడి గొడ్డలి ఎత్తాను. ఒకటి వచ్చింది, నరికాను. రెండు కలిసి వచ్చాయి, వాటినీ నరికాను. ఒక్కదాన్ని కూడా ఆమెను ముట్టనివ్వలేదు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అప్పుడు ఎందుకో బొమ్మ తల మీద ఉన్న పేరు చూశాను.

సిగ్నల్ పోతే ఆ పేరు బూడిద రంగులోకి మారుతుంది. ఉంటే పచ్చగా ఉంటుంది.

పేరు పచ్చగానే ఉంది.

సిగ్నల్ ఉంది. మనిషే పలకడం లేదు.

గొడ్డలి ఆపి, ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కుకున్నాను. రేకుల మీద వాన. దాని మధ్యలో ఊపిరి. బిగబట్టి, వదిలి, మళ్లీ బిగబడుతున్న ఊపిరి. ఆ ఊపిరి నాకు తెలుసు. పాప పుట్టిన రోజు అది నాదే.

"నాగలతా! చెల్లె!"

జవాబు లేదు. పిలుస్తుండగానే పీనుగులు నా మీద పడ్డాయి, నా బొమ్మ చచ్చిపోయింది. బయటికి వెళ్లమని తెర మీద మీట వచ్చింది. అది నొక్కితే ఆమె ఊపిరి వినపడదు. ఇదే ఫోనుతో వేరేవాళ్లకు చేసినా ఆట గొంతు ఆగిపోతుంది. ఫోనును గాజుగ్లాసులా పట్టుకుని అత్త దగ్గరికి నడిచాను.

"అత్తా, నీ చిన్న ఫోనియ్యి."

"పీనుగులాటకు నా ఫోనెందుకే?"

"పీనుగు గాదత్తా. నిండు మనిషి. ఇను."

ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను. అత్త ముఖంలో ఎగతాళి పోయింది.

"నొప్పులే ఇవి. ఏ ఊరు పిల్లది?"

"తెల్వదు."

"గిన్ని దినాలు ఆడినవ్, ఊరు తెల్వదా?"

"నీ కొడుకే చెప్పొద్దన్నడు."

"చెప్పొద్దన్నడు. అడగొద్దన్నడా?"

ఫోను కదలకుండా పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాను. అత్త నా పక్కన కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టింది. ఇద్దరం కళ్లు మూసుకుని విన్నాం. ఆమె పెదవులు ప్రార్థన చేస్తున్నాయి.

దూరంగా ట్రాక్టర్ చప్పుడు. మైకు. గోదావరి పెరిగినప్పుడల్లా పంచాయతీ వాళ్లు ఊరూరా తిప్పే మైకే.

"...గుంపు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గోదావరి ఎగదన్ని వాగు పొంగుతున్నది..."

గుంపు అనే మాట వినపడింది, ముందు మాట వానలో కలిసిపోయింది. మా వైపు కోయగూడేలను గుంపులనే అంటారు. అడవిలో ఎన్ని గుంపులు! అంతలో పాప లేచి ఏడుపు అందుకుంది. పుట్టినప్పటి నుంచి మొదటిసారి దాన్ని ఏడవనిచ్చాను. ఏడుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే కదా. మైకు మలుపు తిరిగి ట్యాంకు దగ్గరికి వచ్చినట్టుంది.

"వెదుళ్లగుంపు ప్రజలకు..."

"వెదుళ్లగుంపు!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

అత్త ఫోనుతో క్రిస్టోఫర్‌కు చేశాను. వైరా దగ్గర వానకు లారీ ఆపుకుని ఉన్నాడు.

"వెదుళ్లగుంపు ఎరికేనా?"

"చర్ల దారిల. పగిడయ్య మామ ఊరు. ఆయన తోటల కర్ర ఎత్తినం. ఏమైంది?"

"ఆయనకు ఫోన్ చెయ్యి. ట్యాంకు మెట్ల కాడ నాగలత పడున్నది. నొప్పులు. జల్దీ!"

ఎందుకు, నీకెలా తెలుసు అని అడగలేదు మా ఆయన. ఫోను పెట్టేశాడు. అత్త వెంటనే 108కు చేసింది. వాగు దాటి ఊళ్లోకి రాలేమని, రోడ్డు మీద బండి పెడతామని వాళ్లన్నారు.

మేము మళ్లీ వింటూ కూర్చున్నాం. ఊపిరి దూరం దూరంగా వస్తోంది. ఒక్కోసారి రాదు. పాప ముక్కు కింద వేలు పెట్టడం తెలిసినదాన్ని, ఈమెకు ఏ వేలు పెట్టను? అప్పుడు బురదలో పరుగెత్తుతున్న అడుగులు వినపడ్డాయి.

"ఓ బిడ్డా! నాగలతా! అరేయ్, మైకు ట్రాక్టర్ ఇటు తిప్పుండ్రి!"

అది పగిడయ్య గొంతే అయి ఉండాలి. వెనుక ఒక ముసలి గొంతు, నాగక్కదే కాబోలు, వాళ్ల కోయ భాషలో ఏడుస్తోంది. ఎవరో ఫోను తీసినట్టు గరగర చప్పుడు. ఆ తర్వాత, వినీ వినపడకుండా,

"ఉన్ననా, సచ్చిన్ననా అక్కా?"

"ఉన్నవ్ చెల్లె, ఉన్నవ్. సచ్చింది నేను. నా బొమ్మ."

నవ్విందో, మూలిగిందో తెలియలేదు. పేరు బూడిద రంగులోకి మారింది.

ట్రాక్టర్ వాగు దాటిందని, ఆమెను 108 బండి ఎక్కించారని, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారని పగిడయ్య క్రిస్టోఫర్‌కు చెప్పాడు. ఆ తర్వాత వెదుళ్లగుంపు వైపు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. గోదావరి ఇంకా దిగలేదు, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా ఇంటి నుంచి చూస్తే అవతల ఒడ్డున దీపాలు కనపడతాయి. ఆ దీపాల్లో ఎక్కడో ఆమె ఉంది. చంటిపిల్లతో నేను దాటలేను.

"బాలింత వచ్చి ఆట ఆడుతదానే? ఫోను నాని ఉంటది," అని అత్త ధైర్యం చెబుతుంది. చెప్పి, తనే నా ఫోనులోకి తొంగిచూస్తుంది. నేను రోజూ ఆ బడి మేడ ఎక్కుతున్నాను. పక్కన పచ్చ పేరు లేదు.

మీలో ఎవరైనా ఇప్పుడు అవతల ఒడ్డున ఉంటే, దవాఖానాలో బాలింతల వార్డుకు ఒక్కసారి వెళ్లండి. నాగలత, భర్త గణేష్, వెదుళ్లగుంపు అని గట్టిగా పిలవండి. ఒక పిలుపుకు పలకకపోతే నిద్రపోతోందనుకుని వచ్చేయకండి. దగ్గరికి వెళ్లి చూడండి. ఆమె పలికేదాకా అక్కడే ఉండండి.