చేరి తీరాలి

అమెరికాలోని ఈరీ ఊళ్లో అక్టోబరు వచ్చిందంటే పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో వేరే మాట వినపడదు. కాలేజీకి ముందుగా దరఖాస్తు పెట్టేవాళ్లకి రెండు దారులు. ఎర్లీ యాక్షన్ అయితే సీటొచ్చాక కూడా మే నెల దాకా నానబెట్టొచ్చు. ఎర్లీ డెసిషన్ అలా కాదు. సీటొస్తే చేరి తీరాలి, మిగతా కాలేజీలకు దణ్ణం పెట్టేయాలి. పదిహేడేళ్ల పిల్లల చేత అలాంటి మాట తీసుకోవాలన్న బుద్ధి ఏ మహానుభావుడికి పుట్టిందో గానీ, ఆ ఏడు పన్నెండో తరగతిలో ఉన్న టెస్సాకు మాత్రం అది కలిసొచ్చింది.

తల్లి డార్లీన్‌కు అప్పుడే క్యాన్సర్ వైద్యం ముగిసింది. జుట్టు మళ్లీ మొలుస్తోంది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఆలోచించుకునే గడువంటూ ఉంటే తను ఈ ఊరు కదలనని టెస్సాకు తెలుసు. అందుకే దేశానికి అటు చివర, ఆరెగాన్‌లో ఉన్న కాలేజీకి ఎర్లీ డెసిషన్ పెట్టింది. తల్లి కిమ్మనకుండా సంతకం చేసింది.

డిసెంబరులో సీటొచ్చింది. ఫిబ్రవరిలో జబ్బు తిరగబెట్టింది, ఈసారి ఎముకల్లోకి.

స్కూల్లో కాలేజీ వ్యవహారాలు చూసే ఓల్సెన్ టెస్సాను గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"మాటిచ్చేశానని బెంగపడకు తల్లీ. అమ్మకిలా ఉందంటే వాళ్లే వదిలేస్తారు. ఒక్క ఫోను చాలు. ఇప్పుడే చెయ్యనా?"

"అమ్మనడిగి చెప్తాను సార్."

ఇంటికొచ్చేసరికి డార్లీన్ సోఫాలో దుప్పటి కప్పుకుని ఉంది. ముందున్న టమాటా సూప్ చల్లారిపోయింది.

"ఏమన్నాడే మీ ఓల్సెన్?"

"కుదరదటమ్మా. సంతకం పెట్టాక ఇక చేరాల్సిందేనట."

డార్లీన్ కూతురి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "పోన్లే. మొండి ఘటాలు," అంది.

టెస్సాకు తన మీద తనకే అసహ్యం వేసింది. దానితో పాటే, సిగ్గూ ఎగ్గూ లేకుండా, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యే ఆమెను ఎక్కువ భయపెట్టింది. రేపు నిజం చెప్పేద్దామనుకుంది. ఆ రేపు వారమంతా వాయిదా పడుతూ వచ్చింది.

ఆదివారం పెద్దమ్మ పాటీ ఫోన్ చేసింది. టెస్సా వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. పాటీ గొంతు ఫోన్లో ఉన్నా ఇల్లంతా వినపడుతుంది.

"కన్నతల్లి ఇలా ఉంటే అంత దూరం పోతుందా? బాగా పెంచావే!"

డార్లీన్ నెమ్మదస్తురాలు. ఆ పూట మాత్రం విరుచుకుపడింది.

"దాన్నేమన్నా అన్నావంటే ఊరుకోను పాటీ! అది ఉండిపోతాననే ఏడుస్తోంది. వాళ్లే వదలట్లేదు. ఆ ఓల్సెన్‌కి నేనే ఫోన్ చేసి అడిగాను. వీల్లేదంటే వీల్లేదన్నాడు."

టెస్సా చేతులు ఆగిపోయాయి. ఓల్సెన్ ఆ మాట అనడు. ఫోన్ చేసిన అమ్మకు అంతా తెలుసు.

అవతలి గదిలో డార్లీన్ ఫోన్ పెట్టేసింది.

"టెస్సా," అని పిలిచింది తల్లి, "కుళాయి కట్టెయ్యమ్మా. నీళ్లు పోతున్నాయి."