నాలుగో మూల

మా కోడలు లెక్కల టీచరు. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఇంట్లోనే ఉంది. గాయం మానింది, డాక్టరు పనికి వెళ్లమన్నాడు. తీరా రేపు స్కూలనగా, "నా బుర్ర మునుపటిలా లేదత్తయ్యా. పిల్లల ముందు తప్పు చెప్తే?" అంటూ కూలబడింది. నాకు ఒళ్లు మండింది. ఆస్పత్రి మంచం మీంచి కూడా నాకు వంకలు పెట్టిన బుర్రే కదా అది!

"నేను పరీక్ష పెడతా, చెయ్యి" అని కుట్టుమిషను మీద పాత లెక్కల పుస్తకం తెరిచి, వేలు పడ్డ లెక్క చదివాను. సమాంతర చతుర్భుజానికి మూడు మూలలు (3, 1), (4, 3), (1, 2). నాలుగోది ఏది?

చకచకా చేసి (0, 0) అంది. తప్పో ఒప్పో నాకేం తెలుసు? జవాబుల పేజీ ఎప్పుడో ఊడిపోయింది. మళ్లీ చేయిస్తే అదే జవాబు రావాలి కదా అని, గుర్తుపట్టకుండా మూలల్ని అటూ ఇటూ మార్చి చదివాను. ఈసారి (2, 4) వచ్చింది. ఇంకోలా మార్చి చదివితే (6, 2).

"ఇది ఆ లెక్కే కదా! ఒక్క లెక్కకి మూడు జవాబులా?" కోడలి మొహం పాలిపోయింది. రేపు రానని హెడ్మిస్ట్రెస్‌కి చెప్పడానికి ఫోను తీసింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. భయమేసింది.

"ఫోను తర్వాత. ముందు ఎంత తప్పో గీసి చూపించు" అని గళ్ల కాగితం తోశాను.

విసుగ్గానే చుక్కలు పెట్టి, తన మూడు జవాబుల్నీ స్కేలుతో కలిపింది. పెద్ద త్రిభుజం వచ్చింది. లెక్కలో ఇచ్చిన మూడు చుక్కలూ దాని భుజాల సరిగ్గా మధ్యలో కూర్చున్నాయి.

"మూలలు తారుమారు చేసి చదివారా?"

"చదివాను. అయితే ఏంటట?"

"వరుస మారితే నాలుగో మూల మారుతుంది. వరుస ఇదీ అని లెక్కలో చెప్పనేలేదు. మూడూ కరెక్టే అత్తయ్యా!" గొంతు పెరిగింది. "భుజాల మధ్యబిందువులు తెలిస్తే చాలు, త్రిభుజం శీర్షాలు దొరికిపోతాయి. రెండిటిని కూడి మూడోది తీసెయ్యడమే. (4, 3), (1, 2) కూడితే (5, 5). అందులోంచి (3, 1) పోతే?"

"(2, 4)" అన్నాను, వేళ్లు లెక్కపెట్టుకుని.

"శభాష్!" అంది, నేనేదో వెనక బెంచీలో కూర్చున్నట్టు. నాకు ఏడుపొచ్చేసింది. కోడలు అది చూడనే లేదు, అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"మేడం, రేపు పదో తరగతికి మొదటి పీరియడ్ నాకే ఇవ్వండి."