కళ్ళు మూసుకుందాం

ఈ కుర్చీ కాలు మళ్ళీ వదులైంది, ఆయన కాస్త ముందుకు వంగితే చాలు కిర్రుమంటోంది, పోయిన మంగళవారం ఇదే కుర్చీలో ఈయన భార్య కూర్చున్నప్పుడు చప్పుడే లేదు, ఆమె కదిలితే కదా, ఒళ్ళో సంచి పెట్టుకుని దాని జిప్పు తీస్తూ మూస్తూ, నిద్ర పట్టడం లేదక్కా అంది, చర్చి వెనక ఈ చిన్న గదిలో పదకొండేళ్ళుగా నేను వింటున్న మాటే అది, బాధ చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళ చేత ముందు ఒక కాగితం నింపిస్తాను, విశ్వాసి, విశ్వాసి కాదు, రెండు గళ్ళు, ఏదో ఒకదాంట్లో టిక్కు, విశ్వాసులకు చివర్లో ప్రార్థన, కానివాళ్ళకు వాళ్ళే అడిగితే తప్ప చేయకూడదు, ఆ నియమం నేనే పెట్టాను, ఎంత మురిసిపోయానో దానికి, ఆమె మొదటి గడిలో పెట్టింది టిక్కు, ఈయన ఇప్పుడే రెండో గడిలో పెట్టి కాగితం నా వైపు తోశాడు, శుక్రవారం ఆమెను పూడ్చారు, మాత్రలు మింగిందని అందరికీ తెలుసు, ఎందుకో ఎవరికీ తెలియదు.

మేడమ్, నాకు దేవుడి మీద నమ్మకం లేదు, తనకుంది, ఆఖరిసారి మనసు విప్పింది మీ దగ్గరే అయ్యుంటుంది, ఏం చెప్పింది, అంటున్నాడు, చొక్కాకి ఒక గుండీ తప్పించి పెట్టుకున్నాడు, సరిచేసే మనిషి లేదిప్పుడు ఇంట్లో, అనుకోగానే నా చేతులు వాటంతటవే దగ్గరికి వస్తున్నాయి, ప్రార్థన చేసుకుందామా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, రెండో గడి, చేయకూడదు, మరేం చేయాలి, తమ్ముడు నన్ను ఏడిపిస్తుంటాడు, అక్కా నీ ప్రార్థన కండక్టరు విజిల్ లాంటిదే, ఊదావంటే ఎదుటివాడు దిగిపోవాల్సిందే అని, ఎన్నిసార్లు నవ్వానో ఆ మాటకి.

ఇంకో మాటక్కా, ఎవరితోనూ అనలేదు, అంది ఆమె ఆ మంగళవారం, జిప్పు మీద వేలు ఆగిపోయింది, ఆ ముఖం చూసి నాకు భయం వేసింది, అవును, ఆ రోజు అలసిపోయానని నాకు నేనే చెప్పుకుంటున్నాను గానీ అది భయమే, వింటే నా దగ్గర జవాబు ఉండదని, గబుక్కున ఆమె చేతులు పట్టుకుని, ప్రభువుకు అన్నీ తెలుసమ్మా, కళ్ళు మూసుకుందాం అన్నాను, మూసుకుంది పిచ్చితల్లి, చాలా బాగా ప్రార్థించాను, ఒక్క మాటకీ తడుముకోలేదు, ఆమెన్ అంది, వస్తానక్కా అని తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళింది, దేవుడు లేడన్నవాళ్ళు ఇదే గదిలో గంటలకొద్దీ మాట్లాడి వెళ్ళారు, ఒకాయన దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి మరీ వెళ్ళాడు, అన్నీ విన్నాను, వాళ్ళ దగ్గర నాకు దాక్కునే చోటు లేదు కాబట్టి చివరిదాకా విన్నాను, నమ్మి వచ్చినవాళ్ళ నోరే నొక్కి పంపించాను.

చెప్పండి మేడమ్, నా గురించేమైనా అందా, నేనేమైనా చేశానా, కుర్చీ మళ్ళీ కిర్రుమంది, ప్రశాంతంగానే వెళ్ళిందండీ అని ఒక్క ముక్క అంటే చాలు, నేను బయటపడతాను, ఈయన మాత్రం బతికినన్నాళ్ళూ తనలో తప్పు వెతుక్కుంటూ ఉంటాడు, చేతులు విడదీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాను, ఏదో చెప్పబోయిందండీ, నేనే చెప్పనివ్వలేదు, అన్నాను, ఆయన ముఖంలోకి చూస్తూనే, కళ్ళు మూసుకోకుండా.