మెరిసే పురుగుల గుహ

గోవింద్ పుట్టినప్పటి నుంచి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఈ సంగతి రైతుల మేళాకి వెళ్తున్న ఆటోలో వాడే చెప్పాడు. ఊరి పొలిమేర దాటకముందే, కిందటేడు బడివాళ్ళతో వెళ్ళినప్పుడు మేళా పక్క గుట్ట మీది గుహలో మెరిసే పురుగుల్ని చూశాననీ, ఆ వెలుతురులో ఒకాయన గడ్డం గీసుకుంటున్నాడనీ కూడా చెప్పాడు.

"ఎవరు బావా ఆయన?" అంది మరదలు కుసుమకుమారి.

"గుహ కాపలాదారు. కరెంటు బిల్లు కట్టక్కర్నేదని ఆ ఉద్యోగంలో సేరాడు."

అత్త మరిడమ్మ నవ్వింది. చేపల గంప లేకుండా ఊరు దాటడం ఆవిడకిదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

మావ లక్ష్ముడు నవ్వలేదు. పడవ ఆయనది. దాని మీద వేటకి తీసుకెళ్ళమని గోవింద్ ఏడాదిగా ఆయన ప్రాణం తోడేస్తున్నాడు.

"నిన్న సెప్పిందే మళ్ళీ సెప్తన్నాను," అన్నాడు లక్ష్ముడు. "సముద్రంలో అటేపు సేప ఉన్నాదంటే ఉండాల. నీ మాట నమ్మి వలేస్తే ఇసకొస్తాది. ఆ పురుగులు నిజంగా ఉంటే రేపే పడవెక్కిస్తాను. నేకపోతే ఇంక అడక్కు."

గోవింద్ ఒళ్ళోని సంచిని సర్దుకున్నాడు. అందులో స్టీలు డబ్బా, డబ్బాలో తడిగుడ్డ, గుడ్డలో రాత్రంతా ఉప్పునీళ్ళలో నానిన పచ్చి నెత్తళ్ళు. వేలెడంత చేపలు. అలా నానితే చీకట్లో నీలంగా వెలుగుతాయని వాడలో అందరికీ తెలుసు. ఆ అందరిలో మావా అత్తా కూడా ఉన్నారన్న సంగతి మాత్రం వాడికి తట్టలేదు. ఇక వాసనంటారా, వాళ్ళకి చేపల వాసన గాలి లాంటిది. ఎవరూ పట్టించుకోలేదు.

మేళాలో అడుగు పెట్టగానే నలుగురికీ ఎనిమిది కళ్ళూ చాలలేదు. గుమ్మడికాయ ఒకటి బండి చక్రమంత ఉంది. మందు కొట్టే డ్రోను నెత్తి మీద తిరుగుతూ నీళ్ళు చల్లితే, మరిడమ్మ కొంగు కప్పుకుని దాని వెనకే చిన్నపిల్లలా పరుగెత్తింది. ముర్రా దున్నపోతు దగ్గర కుసుమ నోరు తెరిచి నిలబడిపోయింది.

"ఇది తుమ్మితే తుపానని రేడియోలో సెప్తారు," అన్నాడు గోవింద్.

"మరిప్పుడు తుమ్మలేదేటి?"

"జనం ఉన్నారని ఆపుకున్నాది."

ముగ్గురూ దున్నతో ఫొటో దిగుతుంటే, కడుపులో బాగోలేదని చెప్పి గోవింద్ గుట్టెక్కేశాడు. ఫోను లైటులో నెత్తళ్ళని ఒక్కొక్కటే గుహ పైకప్పు చెమ్మకి అతికించాడు. పైన గబ్బిలాలు కదిలినప్పుడల్లా వాడి గుండె చొక్కా గుండీల్ని లోపల్నుంచి తన్నింది. బయటికొచ్చేసరికి మీసాలు నెరిసిపోయి ఉంటాయనుకుని తడుముకున్నాడు. ఇంకా మొలవనే లేదు.

భోజనాలయ్యాక అందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఫోన్లు ఆపేయండి. లైటేస్తే పురుగులు సిగ్గుపడతాయి."

ఆపేశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత చీకటి కళ్ళకి అలవాటై, పైన ఒక నీలి గీత కనబడింది. పక్కన మరొకటి. చూస్తుండగానే పైకప్పంతా నీలం చుక్కలు. కుసుమ ఊపిరి బిగబట్టింది. ఇది తన పనేనని గోవింద్ కూడా ఒక క్షణం మరిచిపోయాడు.

లక్ష్ముడి చెయ్యి వాడి భుజం మీద పడింది. "నిజమేరా అల్లుడూ. తెల్లారగట్ల సీకటితోనే లెగు. పడవ తోద్దాం."

గోవింద్ అప్పుడే సముద్రం మధ్యకి వెళ్ళిపోయాడు. సొరచేపని తోకపట్టి ఆడిస్తున్నాడు కూడా.

టప్‌మని ఒక పురుగు మరిడమ్మ భుజం మీద పడింది. ఆవిడ కంగారు పడలేదు. తీసి, బొటనవేలితో నొక్కి, వాసన చూసింది.

"ఏటయ్యా ఇది, పురుక్కి మొప్పలున్నాయి."

"ఎన్నుముల్లు కూడా ఉన్నాది. నిన్న నాను అమ్మగా మిగిలిన నెత్తళ్ళు పిల్లి తినేసిందని సెప్పావు కదరా. ఆ పిల్లి గుహెక్కిందేటి?"

కుసుమ కిసుక్కుమంది. మరిడమ్మ చేతులకి పొద్దుట్నుంచీ లేని పని దొరికింది. వాడి సంచి లాక్కుని, చకచకా చేపలు పీకి అందులోని డబ్బాలో వేసి మూత పెడుతుంటే, పైన చుక్కలు ఒక్కొక్కటే మాయమై గుహ నల్లబడసాగింది.

"ఒరే, నా లుంగీ వదులు," అన్నాడు లక్ష్ముడు.

"వదల్ను మావా."

"ఏం?"

ఆఖరి చుక్క కూడా డబ్బాలోకి పోయింది. గోవింద్ లుంగీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నానే అతికించాను మావా. పురుగులూ నేవు, గడ్డం ఆయనా నేడు. కిందటేడు గుహ లోపలికే రాలేదు, బయట ఐసు తింటా కూకున్నాను." లుంగీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "నాకు సీకటంటే బయ్యం. పడవ తెల్లారినాక తోస్తారేమోననుకున్నాను."