కొవ్వు తీయించిన మాంసం

“కొవ్వంతా గీకించాను, తూకంలో మోసం లేకుండా. ఈసారైనా మెత్తగా ఉడకబెట్టు” అంటూ మా ఆయన హయాత్, సంచి వంటగట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు.

ఆయన చొక్కాలు నానబెడుతున్నాను. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని, ఎంత ఉతికినా రాతిపొడి వదలదు. చేతులు తుడుచుకుని సంచి విప్పాను. పెద్ద మాంసం, గొడ్డు పక్కటెముకలు. నల్లబారిన ఎరుపు. ఎముక మీద తెల్లటి పొర ఒక్కటి కూడా లేదు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాంటి మాంసమే నా పొయ్యి మీదకొచ్చింది. ఎంత ఉడికించినా పీచుపీచుగానే ఉండేది. “పళ్ళున్నవాళ్ళే తినండర్రా” అనేది మా అత్త. “మౌలాబీ చెయ్యి పడితే మాంసం కూడా మొండికేస్తుంది” అన్నాడు ఈయన, పండక్కి వచ్చిన చుట్టాలందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అద్దంకిలో మా అమ్మ వండినదాంట్లో ఎముక పట్టి లాగితే మాంసం జారిపోయేది. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మరి నా చేతికేమైంది? విని విని, లోపం నాలోనే ఉందేమోనని నాకే అనిపించసాగింది.

మధ్యాహ్నానికి ఆయన అక్క కరీమున్, బావగారు మంగళగిరి నుంచి వస్తున్నారు. వచ్చే నెల వాళ్ళబ్బాయి పెళ్ళి. మా వాళ్ళలో పెళ్ళి విందుకి ఇంటి ఆడవాళ్ళలో ఒకరు పొయ్యి దగ్గర నిలబడి వంటవాళ్ళకి అన్నీ చెప్పాలి. ఈసారి ఎవరో ఇవాళ తేలుతుంది. నాకు నిలబడాలని ఉంది. పైకి ఎప్పుడూ అనలేదు.

ఆయన బస్టాండుకి వెళ్ళగానే బురఖా వేసుకుని, బ్లౌజులు కుట్టిన డబ్బులు తీసుకుని హుస్సేన్ సాహెబ్ కొట్టుకి వెళ్ళాను. అక్కడికి ఆడవాళ్ళు రారు. నిలబడ్డ మగవాళ్ళు మాట ఆపి పక్కకి జరిగారు.

“ఏమ్మా, పొద్దునే మీ ఆయన తీసుకెళ్ళాడుగా?”

“ఇంకొంచెం కావాలి.”

వేలాడుతున్న రెండు పక్కటెముకల భాగాల్నీ చూశాను. ఒకదాని కొవ్వు పసుపు పచ్చగా ఉంది, ముసలి గొడ్డుది. రెండోదాని కొవ్వు తెల్లగా, గట్టిగా ఉంది. మాంసం వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచింది.

“ఇందులో మూడెముకలు, కొట్టకుండా కలిపి ఇవ్వండి.”

అలవాటుగా హుస్సేన్ సాహెబ్ కత్తి కొవ్వు కిందకి పోనిచ్చాడు.

“కొవ్వు ఉంచండి.”

“మీ ఇంటాయన వింటే గదమ్మా. అది పోతే ఎండిపోద్దని నేను చెబుతూనే ఉంటా” అని నవ్వాడు.

ఇంటికొచ్చి రెండు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో ఆయన తెచ్చింది, ఒకదాంట్లో నేను తెచ్చింది. రెండింటికీ ఒకే పచ్చి బొప్పాయి ముద్ద, ఒకే అల్లంవెల్లుల్లి, మా మిరపకాయల కారం. సన్నటి సెగ, మూతల మీద నిప్పులు. రెండూ గట్టిగా వస్తే ఆయన మాటే నిజం. నోరు మూసుకుని ఉంటాను.

వాళ్ళు వచ్చారు. టీవీలో క్రికెట్ పెట్టుకున్నారు. నేను గిన్నెలు దించాను కానీ మూత తీయలేదు. దించగానే కోస్తే రసమంతా కారిపోతుంది.

ఆయన వంటింట్లోకొచ్చాడు. “దించావుగా, కొయ్యవే. బావ ఆకలి మీదున్నాడు.”

“కాసేపు ఆగాలి.”

“రాళ్ళు ఉడకబెడుతున్నావా? అక్క ముందు నా పరువు తీయకు.” చెయ్యి మూత మీదకి పోయింది. నేను మూత మీద అరచెయ్యి పెట్టాను. చురుక్కుమంది. తీయలేదు. ఆయన నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

కాసేపయ్యాక మూతలు తీసి కోశాను. ఆయనదాంట్లో కత్తి ఆగింది. నాదాంట్లో బరువు వేయకుండానే దిగింది. ఇన్నేళ్ళకి నా చేతులు నావే అనిపించింది.

బావగారికి, వదినకి వడ్డించాను. వదిన ఎముక పట్టుకుంది, మాంసం జారి పళ్ళెంలో పడింది.

“ఏం మాంసంరా హయాత్, వెన్నలా ఉంది” అన్నారు బావగారు.

“ఏరి తెచ్చింది నేనే కదా బావా. మంచి సరుకైతే ఎవరు వండినా కుదురుద్ది. వంటదేముంది” అన్నాడు ఆయన, తన పళ్ళెం ముందుకు జరుపుతూ.

నేను వంటింట్లోకెళ్ళి రెండో గిన్నె తెచ్చాను. “మీరు ఏరి తెచ్చింది మీకు వేరేగా వండానండి. వాళ్ళకి వేసింది ఇవాళ కొట్టుకెళ్ళి నేను ఏరి తెచ్చాను” అని పెద్ద ముక్క ఆయన పళ్ళెంలో వేశాను.

ఆయన నోట్లో పెట్టుకుని నమిలాడు. ఇంకా నమిలాడు.

వదిన తమ్ముణ్ణి చూసింది, నన్ను చూసింది. “పెళ్ళికి పొయ్యి దగ్గర నువ్వే ఉండు మౌలాబీ.”

“ఉంటాను వదినా. కానీ మాంసం కూడా నేనే ఏరతాను.”

ఆయన గ్లాసులో నీళ్ళు పోసి దగ్గరికి జరిపాను. మా ఇంట్లో మగవాళ్ళు లేచాకే నేను తినేది. ఆయన ఇంకా నమలుతుండగానే, ఒక పళ్ళెం తెచ్చుకుని వదిన పక్కన కూర్చున్నాను.