రేవులోనే వంతెన

వాగు రేవులో ఇంజనీరు పాతించిన సర్వే కర్రలను దామోదర్‌రావు దొర మనుషులు పట్టపగలు పీకేస్తుంటే శంకరవ్వ ఒడ్డున నిలబడి చూసింది. పక్కనే ఓవర్సీరు గొడుగు పట్టుకుని ఉన్నాడు. ఆయన సర్కారు మనిషి, ఆ కర్రలూ సర్కారువే. అయినా వాళ్లను ఆపలేదు.

"గివెందుకు పీకుతున్నరు సారూ?"

"వంతెన ఈడ గాదమ్మా. కిందికి జరిగింది. దొర కోతమిల్లు కాడ."

కోతమిల్లు అక్కడికి క్రోసెడు దూరం. అక్కడ వంతెన కడితే దాటేది మనుషులు కాదు, టేకు దుంగల లారీలు. గుట్ట మీది మూడు పల్లెలు ఏటేటా పెరుగుతున్నాయి. వాళ్ల బడి, దవాఖాన, రేషను దుకాణం, బోథ్ పోయే బస్సు అన్నీ రేవు అవతలే. ముసురు పట్టిందంటే గుట్ట మీది జనం గుట్ట మీదే. నిరుడు ఆషాఢంలో శంకరవ్వ కోడలు బుచ్చవ్వ కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే మంచం మీద ఈ రేవుకే మోసుకొచ్చారు. వాగు తగ్గలేదు. ఒడ్డునే ప్రాణం పోయింది. ఊరందరికీ పురుడు పోసిన శంకరవ్వ చేతులు ఆనాడు ఎందుకూ పనికిరాలేదు. ఇప్పుడు కూతురు సక్కుబాయికి నెలలు నిండుతున్నాయి. ఈ ముసుర్లలోనే కాన్పు.

పొద్దుగూకే వేళ శంకరవ్వ వాకిట్లో నలుగురు కూడారు.

"ఇంకో దరఖాస్తు పెడుదాం," అన్నాడు పెద్దమనిషి రాజయ్య.

"పెట్టినం గదనే. గా దరఖాస్తుకే కర్రలు పాతిండ్రు. పీకెటోనికి దరఖాస్తు అక్కరుంటదా?" అన్నాడు లక్ష్మీరాజం. నేత కార్మికుని కొడుకు. కరీంనగర్‌లో చదువు మధ్యలో ఆపి కూలీల సంఘం పనికి వచ్చినవాడు. "మిల్లు కాడ పునాది గుంతలు తవ్వుతుండ్రు. పోయి అండ్ల కూసుందాం. కాంక్రీటు పడ్డంక మనం మొత్తుకున్నా లాభం లేదు."

"కూసునెటోళ్లేరి?" అన్నాడు డప్పు మొండయ్య. "మీటింగులు బందని పోలీసోళ్లు చాటింపేసిండ్రు. సగం మంది దొర మిల్లులనే పనిజేస్తుండ్రాయె."

మిల్లులోంచి పనివాడు అడక్కుండా బయటికొచ్చేది ఒక్క సంగతికే. చావు డప్పు మోగితే ఇంటికో మనిషి చేతిలో పని వదిలి రావాలి. వెట్టి చేసిన రోజుల్లోనూ అంతే. దొర తండ్రి ఒకసారి ఆపబోయాడు. ఆయన పోయిననాడు పాడె మోయడానికి మనిషి దొరకలేదు. అప్పటి నుంచి దొరల గడీ ఈ ఒక్క డప్పు జోలికి రాలేదు.

"మొండన్నా, పొద్దుగాల సావు డప్పు కొట్టు," అంది శంకరవ్వ.

మొండయ్య లేచి నిలబడ్డాడు. "తెలిసే అంటున్నవా? పీనుగ లేకుంట కొడితె గది పీనుగను తెచ్చుకుంటదంటరు. మా తాతలు గూడ కొట్టలే. పిల్లలున్నోణ్ని నేను."

"నా వాకిట్ల నిలబడి కొట్టు. వస్తె నా ఇంటికే రానియ్యి."

అనేశాక ఆమె కళ్లు గడప వైపు తిరిగాయి. ఇంట్లో ఉన్నది నిండు చూలాలు. కడుపు పట్టుకుని గడపలోకి వచ్చిన సక్కుబాయి అంతా విన్నది.

"కొట్టు మామా," అంది. "డప్పు కొట్టకున్నా నాకు గా వాగే అడ్డం."

తెల్లారి డప్పు మోగింది. మిల్లులో రంపం ఆగింది. నాగళ్లు ఆగాయి. ఉరికొచ్చిన జనంతో వాకిలి నిండిపోయింది.

"ఎవలు పోయిండ్రే?"

"ఇంకా పోలే," అంది శంకరవ్వ. "గీ వానలల్ల పోతరు. నా బిడ్డనో, నీ కోడలో, ఎవలో ఎరుకలే. పోయినంక వచ్చుడు మనకలవాటే. గీసారి ముందుగాల రండ్రి."

ముసలి బాలవ్వ తుపుక్కున ఉమ్మేసింది. "నీ నోరు పడిపోను. బతికున్నోళ్ల మీద సావు డప్పు కొట్టిస్తవా?" తిట్టినంతసేపూ తిట్టింది. కొంగు నడుముకు చుట్టుకుని మిల్లు వైపు అందరికన్నా ముందు నడిచిందీ ఆమే.

గుంతల్లో జనం కూర్చున్నారు. గడ్డపారలు లేవలేదు. దొర వచ్చి మర్యాదగా చెప్పాడు, తర్వాత అమర్యాదగా చెప్పాడు. మిల్లులో పని ఊడుతుందన్నాడు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు గాని గుంత దిగినవాడు పైకి రాలేదు.

మర్నాడు గుంతల దగ్గర పోలీసు జీపు దిగింది. ఎస్సై శంకరవ్వను, మొండయ్యను, లక్ష్మీరాజాన్ని ఎక్కించుకున్నాడు. జనం జీపు వెంట పడ్డారు. మిల్లు దగ్గర వంతెన ఇంకా పుట్టలేదు, ఠాణాకు పోవాలంటే పోలీసులకైనా రేవే దారి. పైన గుట్టల్లో పొద్దుటి నుంచీ వాన. జీపు నడి వాగులో ఇసుకలో కూరుకుని ఆగిపోయింది. ఎర్రనీళ్లు చూస్తుండగానే బానెట్ అంచుకు వచ్చాయి.

"ఏం జూస్తుండ్రు? వచ్చి తొయ్యుండ్రి," ఎస్సై అరిచాడు.

ఒడ్డున ఎవరూ కదల్లేదు. ఈత రాని కానిస్టేబుల్ ఒకడు సీటు మీదికెక్కి ఏడుపు మొహం పెట్టాడు. అది చూసి శంకరవ్వే ఒడ్డుకు కేకేసింది.

"మనుషులను దాటియ్యుండ్రి. పాపం, గాళ్లకూ పిల్లలుంటరు."

జనం చేతికి చెయ్యి పట్టుకుని గొలుసుగా వాగులోకి దిగారు. పట్టుబడ్డవాళ్లనూ, పట్టుకున్నవాళ్లనూ ఒకే తీరుగా అవతలి ఒడ్డుకు చేర్చారు.

"మరి జీపో?" అన్నాడు తడిసి ముద్దయిన ఎస్సై.

"గది దాటాల్నంటె వంతెన గావాలె సారూ," అంది గొలుసులో వాళ్లతో పాటు దాటొచ్చిన బాలవ్వ. "యాడ గావాల్నో ఇప్పుడు నీకూ ఎరుకైంది గద."

ఎస్సై మొహం కందిపోయింది. "నడువుండ్రి ఠాణాకు," అని ముగ్గురినీ ముందుకు నెట్టాడు. శంకరవ్వ ఒకసారి వెనక్కి తిరిగింది. ఇవతలి ఒడ్డున ఆడవాళ్ల మధ్య సక్కుబాయి నిలబడి ఉంది. వాగు హోరు మీదుగా ఆమె కేక వినిపించింది.

"అవ్వా, గుంతలల్ల మేం కూసుంటం. నువ్వు ఫికర్ జెయ్యకు."

తల్లి జవాబు కోసం ఆగకుండా, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని సక్కుబాయి మిల్లు వైపు మెల్లగా నడిచింది. ఆడవాళ్లంతా ఆమె వెంట కదిలారు.