ఘాటీ ఎక్కిన రేడియేటర్

నేను ఒక పాత కారు ముఖం వెనక దాక్కున్న రేడియేటర్‌ని. ఇంజను దగ్గర కాగి వచ్చిన నీళ్లను చల్లార్చి వెనక్కి పంపడం నా ఉద్యోగం. ఓ ఫ్యాక్టరీలో సన్నని గొట్టాలూ రేకులూ అతికించి నన్ను తయారుచేశారు. మొదటి యజమాని విజయనగరం వకీలుగారు. ఆయన రోజూ కారును అద్దంలా తుడిపించి, నా గొంతులో మాత్రం తుప్పు పట్టించే బోరునీళ్లు పోయించేవారు. మనుషులకు కంటికి కనిపించేదే శుభ్రం కాబోలు.

తర్వాత అనకాపల్లిలో కుట్టుపని షాపు నడిపే నూకరత్నం చేతికి వచ్చాను. ఆమె తల్లి సన్యాసమ్మకూ, పాడేరులో ఉండే పిన్ని పైడమ్మకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఎలాగో ఒప్పించి తల్లిని తీసుకెళ్తుంటే, కొండ మెలికల ఘాటీ దారి మధ్యలో నేను కుతకుతా ఉడికి ఆవిరి కక్కాను.

"సూసేవా? ఆ దేముడికే ఇష్టం లేదు" అని సన్యాసమ్మ అటునుంచటే వెనక్కి తిరిగింది.

ఇప్పుడు పైడమ్మ మంచం పట్టింది. "ఈసారీ ఆగిందంటే ఇంక నన్నడక్కు" అంది సన్యాసమ్మ.

ఆదివారం పొద్దున్నే, నేను చల్లగా ఉండగా, నూకరత్నం కింద బేసిను పెట్టి నా అడుగు బిరడా వదులు చేసింది. మరిగిన టీ రంగు తుప్పునీళ్లు దిగాయి. తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, ఆకుపచ్చ కూలెంటు గొంతుదాకా నింపింది. ఇంజనూ, కారు లోపలి హీటరూ వేశారు. వేడి చూపే ముల్లు పైకెక్కుతోంది, హీటరు మాత్రం చల్లగాలే విసురుతోంది.

భర్త లచ్చునాయుడు గుడ్డ పట్టుకుని నా మూత తిప్పబోయాడు.

"ముట్టుకోకు! మొకం మీదకి సిమ్ముద్ది!" అంటూ ఆమె ఇంజను ఆపేసింది.

నేను చల్లారేవరకూ నూకరత్నం నా ఎదుటే కూర్చుని ఆలోచించింది. "నిండా పోశాం గదా. మరి హీటరుకి వేడెందుకు సేరట్లేదు?" మూత తీసి చూస్తే మట్టం దిగిపోయి ఉంది. ఆమె కళ్లు మెరిశాయి. "లోపల గాలుండిపోయిందయ్యా!"

అదే సంగతి. నోరుండీ చెప్పలేకపోయాను.

కారు ముందు చక్రాలను గుమ్మం ముందు వాలు మీదికి ఎక్కించి, నా నోరు అన్నిటికన్నా ఎత్తున ఉండేలా నిలిపింది. మూత పెట్టకుండానే ఇంజను వేయించి, హీటరు పూర్తిగా తిప్పించి, నా పైగొట్టాన్ని పిసుకుతూ ఉంది. బుడగ్... బుడగ్... నింపేటప్పుడు ఇరుక్కున్న గాలి త్రేన్పుల్లా బయటికొచ్చింది. తగ్గినప్పుడల్లా పోసింది. చివరికి హీటరు వెచ్చబడింది, ఫ్యాను తిరిగింది. అప్పుడు మూత బిగించింది.

మర్నాడు ఘాటీలో సన్యాసమ్మ అడవి వైపు చూడనే లేదు. ఆమె చూపంతా ఆ ముల్లు మీదే. అది సగం దగ్గర కదలకుండా నిలిచింది.

పాడేరులో పైడమ్మ దుప్పట్లోంచి తల ఎత్తింది. "బండి ఆగలేదేటప్పా?"

"ఆగుద్దనే సూసినాను" అంటూ సన్యాసమ్మ వెళ్లి చెల్లెలి మంచం మీద కూర్చుంది.

సాయంత్రం నూకరత్నం బయల్దేరదామంటే తల్లి లేవలేదు. "మీరెల్లండి. నాను నాలుగు రోజులుండొస్తాను."

వెనక సీటు ఖాళీగా ఘాటీ దిగాం. దిగుడులో నాకు పెద్దగా పనుండదు, మాటలు వింటూ కూర్చున్నాను.

"మరి మీ అమ్మని తేడానికి మళ్లీ ఎక్కాల గదా?" అన్నాడు లచ్చునాయుడు.

"ఎక్కుదాం" అంది నూకరత్నం.